గంజాం, గజపతి జిల్లాల విద్యాధికారులకు, బడుల పెద్దలకు ఒక రిటైర్డ్ టీచరు బహిరంగ లేఖ

గౌరవనీయులైన గంజాం, గజపతి జిల్లాల విద్యాధికారులకు, బ్లాకు విద్యాధికారులకు, తెలుగు పిల్లలు చదువుకుంటున్న బడుల హెడ్మాస్టర్లకు, తోటి టీచర్లకు నమస్కారం.

నేను 31 ఏళ్లు చిన్న తరగతులకు పాఠం చెప్పి రిటైరైన మనిషిని. ఇప్పుడు బరంపురంలో మా వీధి పిల్లలకు సాయంత్రాలు తెలుగు నేర్పుతున్నాను. వాళ్లలో ఎక్కువమంది పగలు ఒడియా మీడియంలోనో ఇంగ్లీషు మీడియంలోనో చదువుతారు. ఇంటికొస్తే అమ్మతో, నాన్నమ్మతో తెలుగే. మొన్న జనవరి 26కి ఒక బడిలో 'మన జాతీయ కట్టడాలు' అని మూడు నుంచి ఐదో తరగతి పిల్లలకు పోటీ పెట్టారు. ఆ రోజు జరిగింది మీకు చెప్పుకోవాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నా దగ్గరికి వచ్చే నాలుగో తరగతి పాప ఒకతె ఆ పోటీకి మన గంజాం జిల్లా జౌగడలో అశోకుడి శాసనాలు చెక్కి ఉన్న బండ బొమ్మ వేసింది. పెన్సిల్‌తో, మూడు వారాలు కూర్చుని వేసింది. కింద తన చేతిరాతతో తొమ్మిది వాక్యాలు రాసింది. రెండో వాక్యం నాకింకా గుర్తుంది: 'ఈ రాయి మీద ఉన్నది ఒక ఉత్తరం.' బొమ్మలు చూస్తూ వచ్చిన పెద్దమనిషి ఆ చార్టు దగ్గర ఆగి, "ఇది బండ కదమ్మా, కట్టడం వేయమన్నాం కదా" అని పక్కన పెట్టేశారు. మొదటి బహుమతి థర్మోకోల్ తాజ్‌మహల్‌కి వచ్చింది. ఆ బాబు మీద నాకు ఏ కోపమూ లేదు. వాళ్ల నాన్న రెండు రాత్రులు కూర్చుని చేశారట, ఆ పనితనం మెచ్చుకోదగిందే. కానీ తాజ్‌మహల్ ఏ ఊళ్లో ఉందని అడిగితే ఆ బాబు వాళ్ల నాన్న వైపు చూశాడు.

ఇంటికి నడిచి వస్తుంటే ఆ పాప నన్ను అడిగింది: "ఏటి టీచర్, మనది నేషనల్ కాదా?"

నేషనలే తల్లీ అన్నాను. మీకూ అదే చెబుతున్నాను. ప్రాచీన కట్టడాల రక్షణ కోసం 1958లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. ఆ చట్టం కింద జాతీయ ప్రాముఖ్యం ఉన్నవిగా కేంద్ర పురావస్తు శాఖ కాపాడుతున్నవి దేశం మొత్తం మీద 3,600కు పైగా ఉన్నాయి. తాజ్‌మహల్ ఆ జాబితాలోదే, జౌగడ అశోకుడి శాసనమూ ఆ జాబితాలోదే. రెండింటికీ ఒకే చట్టం, ఒకే శాఖ. బడిలో మాత్రం ఒకటి కట్టడం అయింది, రెండోది బండ అయింది.

చార్టుల సంగతి మీకు తెలియనిది కాదు. ఆగస్టు 15, జనవరి 26 దగ్గర పడితే స్టేషనరీ కొట్లో తాజ్‌మహల్, కుతుబ్ మినార్, ఇండియా గేట్, చార్మినార్ నాలుగూ ఉన్న రంగుల కాగితం దొరుకుతుంది. కత్తిరించి అతికించాలి. కింద రాయాల్సింది జిరాక్సు షాపులో ప్రింటు తీస్తారు. రాత్రి పది గంటలకు అమ్మ జిగురు పూస్తుంటే బిడ్డ పక్కన నిద్రపోతుంది. పొద్దున్న ఆ చార్టు పట్టుకుని స్టేజీ ఎక్కి, తనకు అర్థం కాని ఇంగ్లీషు వాక్యం నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతుంది. మా ఇంటికి ఇడ్లీ పిండి రుబ్బి ఇచ్చే ఆమె ఒక్క చార్టుకి, ప్రింట్లకి నూట ఇరవై రూపాయలు పెట్టింది. ఆ రోజు ఆమెకు మిగిలేదే అంత. ఇంత చేసినా ఆ బిడ్డ ఒక్క ప్రశ్న అడగలేదు, ఒక్క సంగతి వెతకలేదు.

పోయిన జూలైలో నేను మా పిల్లలతో వేరేలా మొదలుపెట్టాను. గొప్ప పద్ధతి అని చెప్పుకోవడానికి కాదు, పైసా ఖర్చు లేకుండా మీరూ రేపే మొదలుపెట్టవచ్చని చెప్పడానికి రాస్తున్నాను.

"ఇంట్లో అడిగి ఒక పది రూపాయల నోటు తెండి, సాయంత్రం తిరిగి ఇచ్చేద్దాం" అన్నాను. ముదురు కాఫీ రంగు కొత్త నోటు. వెనక్కి తిప్పి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూడమన్నాను. తర్వాత ఒక్కొక్కరు ఒక్కటి చొప్పున, తమకు కనిపించింది మాత్రమే చెప్పాలి. 'చక్రం ఉంది.' 'చక్రం మీద పువ్వులున్నాయి.' 'తెలుగులో పది రూపాయలు అని ఉంది.' ఇంకొకడు, 'ఒడియాలో కూడా ఉంది' అన్నాడు. వెనక వైపు పట్టీలో ఉన్న పదిహేను భాషల్లో తమ రెండు భాషలూ దొరికేసరికి వాళ్లకు ఆ నోటు తమదైపోయింది. ఆ తర్వాత ప్రశ్నలు వాటంతట అవే వచ్చాయి. ఈ చక్రం ఎక్కడిది? ఎవరు చెక్కారు? తిరుగుతుందా?

అక్కడే ఆగి ఒక మాట చెప్పాలి. ఏడెనిమిదేళ్ల బిడ్డ చేతికి ఫోనిచ్చి 'వెతుక్కో' అంటే అది పరిశోధన కాదు. ఆ వయసుకు ఏది నమ్మాలో తెలియదు, మొదట కనిపించిన వాక్యాన్ని దించేస్తుంది. వెతకడం పిల్లదే, దారి చూపించడం మాత్రం పెద్దవాళ్లదే. అందుకని నేను ముందే మూడు చోట్లు ఎంచి పెట్టాను: పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి, పాఠ్యపుస్తకంలోని ఒక పేజీ, ఆ చక్రం ఉన్న కోణార్క్ గుడికి వెళ్లొచ్చిన మా వీధి ఆటో డ్రైవరు. ఒక్కో బిడ్డకు ఒక్కటే ప్రశ్న. దొరికిన జవాబును పూర్తి వాక్యంగా దించకూడదు, మూడు నాలుగు మాటల్లో గుర్తు రాసుకోవాలి. తర్వాత పుస్తకం మూసి, నాకు కాదు, పక్కనున్న పిల్లకి చెప్పాలి. చెప్పగలిగితే తెలిసినట్టు. చెప్పలేకపోతే మళ్లీ పుస్తకం తెరవడమే, తిట్టు లేదు.

ఇలా ఆరు వారాలు, వారానికి ముప్పావు గంట. ఒకబ్బాయి, 'కోణార్క్ చక్రానికి 24 ఆకులు' అని రాసుకొచ్చాడు. ఎక్కడ చదివావంటే జెండా మీద చక్రానికి 24 కదా అన్నాడు. వాదించకుండా నోటు చేతికిచ్చి లెక్కపెట్టమన్నాను. లావు ఆకులు ఎనిమిది, సన్నవి ఎనిమిది. మరి 24 ఎక్కడిదని మళ్లీ పుస్తకం తీస్తే, గుడికి ఉన్న చక్రాలు 24 అని, గుర్రాలు ఏడు అని దొరికింది. ఆ బాబు ముఖం చూసి ఉండాల్సింది మీరు. తప్పు చేశానన్న బాధ లేదు, పట్టుకున్నానన్న సంతోషం ఉంది.

నోట్లు మార్చుకుంటూ పోయాం. ఇరవై నోటు మీద ఎల్లోరా, యాభై మీద హంపి రాతి రథం, వంద మీద గుజరాత్‌లోని రాణీ కీ వావ్, రెండొందల మీద సాంచి స్తూపం, ఐదొందల మీద ఎర్రకోట. రాణీ కీ వావ్ అంటే దిగుడుబావి అని చెబితే ఎవరూ నమ్మలేదు. బొమ్మలో నీళ్లేవి? ఆ ప్రశ్నకు జవాబు ఇంట్లో నాన్నమ్మలు చెప్పారు. తమ ఊళ్లో దిగుడుబావి ఎలా ఉండేదో, చంకన బిందెతో మెట్లు ఎలా దిగేవారో చెప్పారు. ఎర్రకోట దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ప్రధాని నెహ్రూ ఎర్రకోట మీద తొలిసారి జెండా ఎగరేసింది 1947 ఆగస్టు 15న అని ఒక పాప, 16న అని ఇంకో పాప. రెండు పుస్తకాలు, రెండు తేదీలు. మూడో చోట చూస్తే 16 అని తేలింది. అచ్చులో ఉన్నదంతా నిజం కాదని తొమ్మిదేళ్లకే తెలుసుకోవడం చిన్న సంగతి కాదు.

నోటు ముందు వైపు, రూపాయి బిళ్ల మీద నాలుగు సింహాల గుర్తు ఉంటుంది కదా. కనిపించేవి మూడే. నాలుగోది ఎక్కడుందని మా చిన్నవాడు బిళ్ల వెనక్కి తిప్పి చూశాడు. అది సారనాథ్‌లో దొరికిన అశోకుడి స్తంభం తల అని, 1950 జనవరి 26న మన రాజముద్రగా తీసుకున్నామని దొరికింది. సాంచి వెతికినా మొదలుపెట్టింది అశోకుడే. అప్పుడు ఈ పాప, నేను ముందు చెప్పిన పాప, అడిగింది: "అశోకుడు మన దగ్గరికే కదా యుద్ధానికి వచ్చింది. మన దగ్గర ఏం లేదా?"

జౌగడ అలా మా తరగతిలోకి వచ్చింది. నేను సిలబస్‌లోంచి తీసి పెట్టలేదు.

బరంపురం నుంచి పురుషోత్తంపూర్ దారిలో గంటన్నర కూడా పట్టదు. మనలో చాలా కుటుంబాలు చైత్ర మంగళవారాల్లో తారాతారిణి కొండకు బిడ్డల పుట్టువెంట్రుకలు తీయించడానికి వెళ్తాయి. నా ఇద్దరు పిల్లలకూ అక్కడే తీయించాను. కొండ కింద రుషికుల్య. ఆ నది ఒడ్డు దగ్గరే, కొద్ది దూరంలోనే జౌగడ. అన్నిసార్లు వెళ్లి, ఆ బండను నేను మొదటిసారి చూసింది యాభై దాటాక. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది. టీచరుగా పని చేసిన దాన్ని.

నవంబరులో పద్నాలుగు మంది పిల్లలు, నలుగురు అమ్మలు, నేను ఒక వ్యాను మాట్లాడుకుని వెళ్లాం. ముందు వారమే తయారయ్యాం. కాగితం కింద బిళ్ల పెట్టి పైన పెన్సిల్ రుద్దితే సింహాలు తేలుతాయి కదా, శాసనాలకు నకళ్లు తీసే పని వెనక ఉన్న కిటుకు అలాంటిదేనని చూపించాను. 1850లో వాల్టర్ ఇలియట్ అనే ఇంగ్లీషు దొర జౌగడ రాతకు నకలు తీసుకున్నాడని, ఆ లిపి చదవడం అంతకు పదమూడేళ్ల ముందే, 1837లో జేమ్స్ ప్రిన్సెప్ సాధించాడని చెప్పాను. రాతిని మాత్రం ముట్టుకోకూడదని, రుద్దకూడదని పిల్లల చేతే రాయించాను. ఆ రాత ఉన్న బ్రాహ్మీ లిపిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నారు. 'క' అంటే కూడిక గుర్తే. 'ఠ' అంటే సున్నా. "ఒడియా ఠ కూడా సున్నాయే కదా టీచర్!" అని ఐదో తరగతి వాడు లేచి నిలబడ్డాడు. రెండు లిపులు చదివే మన సరిహద్దు పిల్లలకు ఇది ఎవరూ ఇవ్వని వరం. తెలుగు ఒక్కటే వచ్చినా, ఒడియా ఒక్కటే వచ్చినా ఆ పోలిక అంత తొందరగా దొరకదు.

అక్కడికి వెళ్లాక పాత కోట గోడ మట్టికట్టను చూసి 'చెరువు గట్టా' అని అడిగారు. మంచి ప్రశ్న. నీళ్లు ఏ వైపు నిలుస్తాయో మీరే చూడండి అన్నాను. కట్ట మీద అటూ ఇటూ పరుగెత్తి, ఇది నీళ్లను ఆపేది కాదు, మనుషులను ఆపేదని వాళ్లే తేల్చారు. బండ దగ్గర కంచె బయట నిలబడి అరగంట కూడిక గుర్తులు వెతికారు. దొరికినప్పుడల్లా ఒక కేక.

ఆ రాతి మీద పొట్టు లేచిపోయిన చోట్లు చాలా ఉన్నాయి. చదవగలిగిన దాంట్లో పిల్లలకు అన్నిటికన్నా నచ్చింది మొదటి శాసనం. రాజుగారి వంటశాలలో ఒకప్పుడు రోజుకు లక్షల జీవాలను చంపేవారట. ఇప్పుడు రెండు నెమళ్లు, ఒక లేడి మాత్రమేనట, ఆ లేడి కూడా రోజూ కాదట, ముందు ముందు అవీ ఉండవట. 'మానేశాడా మరి?' అని ఇంటికి చేరేదాకా అడిగారు. ఇంకో ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, పండితులే రకరకాలుగా చెబుతారు. కళింగ యుద్ధంలో లక్షమంది చనిపోయారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, దానికి తాను బాధపడుతున్నానని అశోకుడు చెప్పుకున్న పదమూడో శాసనం వేరే చోట్ల ఉంది. యుద్ధం జరిగిన మన కళింగంలో, భువనేశ్వర్ దగ్గరి ధౌళిలోనూ జౌగడలోనూ, అది లేదు. దాని బదులు రెండు ప్రత్యేక శాసనాలు చెక్కించాడు. ఎందుకు? 'మనకు చెప్పడానికి సిగ్గేసిందేమో' అంది ఒక పిల్ల. 'బతికి మిగిలినోళ్లకి మళ్లీ గుర్తు చేయడం ఎందుకని' అన్నాడు ఇంకొకడు. నాలుగో తరగతి పిల్లలు చరిత్ర గురించి ఇలా ఆలోచించగలరని నా ఉద్యోగం మొత్తంలో నాకు తెలియలేదు. నేను వాళ్లకు ఎప్పుడూ అడిగే వీలు ఇవ్వలేదు కాబట్టి.

అధికారులకు ఈ భాగం ప్రత్యేకంగా రాస్తున్నాను. జౌగడలోని ఆ రెండు ప్రత్యేక శాసనాలు ఎవరికి రాసినవో మీరు దయచేసి చూడండి. సమాప అనే పట్నంలో ఉన్న మహామాత్రులకు. అంటే 2,200 ఏళ్లకు పైగా వెనక, ఇదే గంజాం నేల మీద మీ కుర్చీల్లో కూర్చున్న వాళ్లకు. మనుషులందరూ నా పిల్లలే, నా పిల్లలకు ఏ మేలు కోరతానో అందరికీ అదే కోరతాను అని అందులో ఉంది. ఈర్ష్య, కోపం, కాఠిన్యం, తొందరపాటు, సోమరితనం, అలసట, ఇవి ఉన్న అధికారి సరిగా పని చేయలేడని ఉంది. ఈ రాతను తిష్య నక్షత్రం నాడు, అంటే మన పుష్యమి నాడు, చదివి వినిపించాలని, మధ్యలో వినేవాడు ఒక్కడే ఉన్నా చదవాలని ఉంది. దేశంలో చదవగలిగిన అతి పాత శాసనాల్లో ఒకటి మీ జిల్లాలో ఉంది, అది జిల్లా అధికారులకు రాసిన బహిరంగ లేఖ. దాన్ని ఒక బిడ్డ బొమ్మ వేసి తెస్తే పక్కన పెట్టేశాం.

గజపతి జిల్లా పెద్దలకు వేరే చెప్పనక్కర లేదు, మీ పర్లాకిమిడిలోనే దారి చూపించిన టీచరు ఉన్నారు. గిడుగు వెంకట రామమూర్తి గారు 1880లో పదిహేడేళ్ల వయసులో పర్లాకిమిడి రాజావారి బడిలో చిన్న తరగతికి చరిత్ర చెప్పడానికి చేరారు. పుస్తకంలో ఉన్నది చెప్పి ఊరుకోలేదు. వంశధార ఒడ్డున ముఖలింగం వెళ్లి, గుళ్ల గోడల మీద శాసనాల లిపిని తనంతట తనే కూడబలుక్కుని చదివారు. గంగరాజుల రాజధాని కళింగనగరం ముఖలింగమేనని చెప్పిన తొలి వాళ్లలో ఆయన ఒకరు. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఏటా ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకు దండ వేస్తాం. ఆ రోజు పిల్లలను ముఖలింగం తీసుకువెళ్లి గోడ మీద ఒక్క తెలుగక్షరం పట్టుకోమంటే ఆయనకు అంతకంటే ఏం కావాలి?

ముఖలింగం ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, మనకు పక్క రాష్ట్రం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు గీత మధ్యలో పడింది. రాళ్లకు ఆ గీత తెలియదు. ముఖలింగం నుంచి ఏలిన గంగవంశంలోని వాడే అనంతవర్మ చోడగంగు. పూరీ జగన్నాథుడి పెద్ద గుడి మొదలుపెట్టింది ఆయన. ఆ వంశంలోని నరసింహదేవుడే పదమూడో శతాబ్దంలో కోణార్క్ కట్టించాడు. పది రూపాయల నోటు మీది చక్రం వెంట పోతే మన వంశధార ఒడ్డుకే వస్తాం. ఒడిశాలో ఉన్న తెలుగు బిడ్డ ఏ బడిలో నిలబడినా, ఇది నాది కాదేమో అన్న అనుమానం లేకుండా నిలబడడానికి ఈ ఒక్క దారం చాలు. దాన్ని మనం చెబితే పాఠం. వాళ్లే లాగి చూస్తే జన్మంతా వదలరు.

కథల గురించి ఒక మాట. కోణార్క్ అనగానే మన పిల్లలు ధర్మపదుడి కథ చెబుతారు. పన్నెండు వందల మంది శిల్పులు పన్నెండేళ్లు పని చేసినా నిలవని శిఖరాన్ని పన్నెండేళ్ల కుర్రాడు నిలబెట్టి, సముద్రంలో దూకాడని. జౌగడ అంటే లక్కకోట అని, పాండవులను కాల్చబోయిన లక్కయిల్లు ఇదేనని ఊరివాళ్లు చెబుతారు. వీటిని 'అబద్ధం' అని కొట్టిపారేయవద్దని టీచర్లను వేడుకుంటున్నాను. మా తరగతిలో రెండు కాగితాలు పెట్టుకున్నాం. ఒకదాని మీద 'చెప్పుకునేది', రెండోదాని మీద 'రాసి ఉన్నది'. దొరికిన ప్రతి సంగతీ ఏదో ఒక కాగితం మీదికి పోతుంది. ధర్మపదుడు మొదటి కాగితం మీద ఉన్నాడు. పిల్లలకు వాడంటే ప్రాణం. ఏది ఏ కాగితం మీదికి పోవాలో వాళ్లే తేల్చుకుంటున్నారు.

ఇక అడగాల్సినవి. అన్నిటికన్నా ముందు, వచ్చే ఆగస్టు 15కి మీ బడుల్లో కొన్న చార్టులకు, ప్రింటు కాగితాలకు, పెద్దలు చేసిన మోడళ్లకు బహుమతులు ఆపండి. బిడ్డ తన చేత్తో రాసిన ఒక ప్రశ్న, తను వెతికి పట్టుకున్న జవాబు, ఎక్కడ పట్టుకుందో ఆ చోటు, ఈ మూడూ ఉంటే చాలు. అక్షరాలు వంకరగా ఉన్నా పరవాలేదు. పోటీ చూడడానికి వచ్చేవాళ్లు బొమ్మ చూసి వెళ్లిపోకుండా బిడ్డతో రెండు నిమిషాలు మాట్లాడాలి. ఇది మాట వరసకు కాదు, రాతపూర్వకంగా ఒక ఉత్తర్వు ఇవ్వండి. నోటి మాట స్టాఫ్ రూమ్ దాటదు.

బిడ్డ తెలుగులో వెతికి తెలుగులో రాసుకుంటే మార్కులు తగ్గించకండి. రాజ్యాంగం 350ఎ అధికరణం భాషాపరంగా తక్కువ సంఖ్యలో ఉన్న వర్గాల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు అందేలా చూడమంటోంది. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పమంటోంది. పిల్ల తెలుగులో ఆలోచించి, ఒడియాలో తరగతికి చెప్పనివ్వండి. మా పాప అదే చేసింది. ఒడియా పిల్లలు కూడా చుట్టూ మూగి విన్నారు. ఆమె చెబుతుండగా ఒక ఒడియా పాప తను చూసిన ధౌళి రాతి ఏనుగు గురించి చెప్పింది. ఆ ఏనుగు మా పుస్తకాల్లో మాకు దొరకలేదు.

ఏటా నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవం జరుగుతుంది. ఎండ ఉండదు, పరీక్షలు ఉండవు. ఆ వారంలో గంజాం పిల్లలను జౌగడకు, గజపతి పిల్లలను ముఖలింగానికి పంపండి. పురావస్తు శాఖ టికెట్ పెట్టిన చోట్ల కూడా పదిహేనేళ్ల లోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. వ్యాను ఖర్చు ఒక్కటే. మా పద్నాలుగు మందికి అమ్మలే తలా కొంచెం వేసుకున్నారు. వేసుకోలేని వాళ్ల దగ్గర అడగకుండా చూడడం మీ చేతుల్లో ఉంది. బరంపురం యూనివర్సిటీలో చరిత్ర చదివే విద్యార్థులు ఉన్నారు. ఒక శనివారం పూట వాళ్లు వచ్చి టీచర్లకు బ్రాహ్మీ అక్షరాలు ఒక పదిహేను నేర్పితే, టీచరుకు భయం పోతుంది. పిల్లలకు భయం ఎప్పుడూ లేదు.

సిలబస్ ఎప్పుడు పూర్తి చేయాలని టీచర్లు అడుగుతారు. అడగడం న్యాయమే, నేనూ అలాగే అడిగేదాన్ని. నాకు కనిపించింది చెబుతాను: జౌగడ చూసొచ్చిన పిల్లలు తొమ్మిది వాక్యాలు రాశారు, వాటిలో దించినది ఒక్కటీ లేదు. అంతకు ముందు ఏడాది వాళ్లే 'నా దేశం' అని ఐదు వాక్యాల వ్యాసం కంఠస్థం పట్టలేక ఏడ్చారు. చదవడం, రాయడం, లెక్క పెట్టడం, మ్యాపు చూడడం అన్నీ ఆ ఆరు వారాల్లోనే జరిగాయి.

ఈ సంవత్సరం నవంబరు వారోత్సవంలో పడే ఆదివారం నాడు మేం మళ్లీ జౌగడ వెళ్తున్నాం. ఈసారి ఇరవై రెండు మంది పిల్లలు. మీలో ఎవరైనా ఒక్కరు వస్తే, ఆ రెండు ప్రత్యేక శాసనాల తెలుగు అర్థం పిల్లలు మీకు చదివి వినిపిస్తారు. ఆ పాప కూడా వస్తుంది. తన చార్టు మడత పడకుండా పాత క్యాలెండరులో చుట్టి దాచుకుంది, తెస్తానంది. పోయినసారి బండ ముందు నిలబడి తను అడిగిన ప్రశ్న మా ప్రశ్నల కాగితం మీద ఇంకా ఖాళీగానే ఉంది, అది మిమ్మల్నే అడుగుతానంటోంది:

"రాజుగారి ఉత్తరానికి ఆ ఆఫీసర్లు జవాబు రాసారా?"

నమస్కారాలతో,
ఒక రిటైర్డ్ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు,
బరంపురం, గంజాం జిల్లా